టర్బో కారులో ఆక్సిజన్ సెన్సార్: వెంటనే మార్చడమా, ముందు టెస్ట్ చేయడమా, ఏది మేలు?

చెక్ ఇంజన్ లైట్ వెలుగుతోంది, మైలేజీ పడిపోయింది, సైలెన్సర్ దగ్గర నిలబడితే పెట్రోల్ వాసన, హైవే మీద లారీని దాటడానికి గట్టిగా తొక్కితే వెనక నల్ల పొగ. ఈ లక్షణాలతో టర్బో పెట్రోల్ కారు నెల్లూరు ఆటోనగర్‌కి తీసుకెళ్తే చాలా షెడ్లలో వినపడే మాట ఒకటే, "ఆక్సిజన్ సెన్సార్ పోయింది సార్, మార్చేద్దాం". ఒప్పుకోకండి. ముందు టెస్ట్, తర్వాతే సెన్సార్. ఇది పొగ గొట్టంలో మిగిలిన ఆక్సిజన్ చూసి పెట్రోల్ ఎక్కువైందో తక్కువైందో చెప్పే సెన్సార్.

ఎందుకంటే స్కానర్‌లో పి0172 అనే ఫాల్ట్ కోడ్ వచ్చిందంటే దానర్థం మిశ్రమంలో పెట్రోల్ ఎక్కువైందని, అంతేగానీ సెన్సార్ చెడిపోయిందని కాదు. ఆ సంగతి పట్టిచ్చింది చాలాసార్లు ఆ సెన్సారే. మన దగ్గర రొయ్యల చెరువులో ఆక్సిజన్ తగ్గిందని మీటరు చూపిస్తే రైతు ఏరేటర్లు వేస్తాడు, మీటరు మార్చడు కదా.

టెస్ట్‌కి పెద్ద ఖర్చేం లేదు. వెయ్యి, పదిహేను వందల్లో దొరికే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్ డేటా చదివేది), ఫోన్‌లో ఒక యాప్ చాలు. అందులో ఫ్యూయల్ ట్రిమ్ అని రెండు అంకెలుంటాయి, షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్. ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, పెట్రోల్‌ని ఎంత శాతం పెంచుతోందో (ప్లస్), తగ్గిస్తోందో (మైనస్) అవి చెబుతాయి. రెండూ కలిపి ప్లస్ 10, మైనస్ 10 మధ్య ఉంటే మామూలే. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 కాబట్టి (ఒక వంతు పెట్రోల్‌కి గాలి 14.7 వంతులు కావాలంటే దీనికి సుమారు 13.5 చాలు, అంటే అదే గాలికి ఇంధనం ఎక్కువ పోయాలి) పాత కార్లలో ట్రిమ్ కాస్త ప్లస్ వైపు ఉంటుంది, దానికి కంగారు పడొద్దు.

చూడాల్సింది గుర్తు. మైనస్ 15, మైనస్ 20 ఉందంటే పెట్రోల్ ఎక్కువైందని సెన్సార్ చెబుతోంది, ఈసీయూ తగ్గిస్తోంది, పొగ, వాసన కూడా అదే చెబుతున్నాయి, అంటే చాలావరకు సెన్సార్ బాగానే ఉంది, తప్పు ఇంకెక్కడో ఉంది. అలా కాకుండా ట్రిమ్ ప్లస్ 20 దాటి, ఇంకోపక్క నల్ల పొగ, పెట్రోల్ వాసన ఉంటే అప్పుడు సెన్సార్‌ని అనుమానించాలి. స్కానర్ లీన్ (పెట్రోల్ తక్కువ) అంటోంది, మన ముక్కు రిచ్ (పెట్రోల్ ఎక్కువ) అంటోంది. సెన్సార్ అబద్ధం చెబుతుంటే ఈసీయూ నమ్మి పెట్రోల్ పోస్తూనే ఉంటుంది. అప్పుడు కూడా సెన్సార్‌కి ముందు, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగ బయటికొచ్చే గొట్టం) నుంచి టర్బో దాకా ఎక్కడైనా గ్యాస్కెట్ లీకుందేమో చూడండి, ఆ సందులోంచి బయటి గాలి దూరితే మంచి సెన్సార్ కూడా లీన్ అనే చూపిస్తుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే టిక్ టిక్ మని చప్పుడు వస్తే లీకు ఉన్నట్టే అనుకోవచ్చు.

ఎప్పుడు తేడా వస్తోందన్నది కూడా ముఖ్యమే. కావలిలో మా బావ కారుకి ఇలాగే సెన్సార్ మార్చారు, వారం తిరక్కుండా లైట్ మళ్ళీ వచ్చింది. లైవ్ డేటా పెట్టి చూస్తే ఐడిల్‌లో ట్రిమ్ బానే ఉంది, బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) ఎక్కేకొద్దీ మైనస్‌లోకి జారిపోతోంది. బానెట్ ఎత్తి, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ గొట్టం దగ్గర టార్చి వేస్తే క్లాంప్ చుట్టూ నూనె తడి, దాని మీద ఎర్ర దుమ్ము అట్టకట్టి ఉంది. లోపలికొచ్చే గాలిని కొలిచే ఎంఏఎఫ్ సెన్సార్ లెక్కపెట్టిన గాలి ఇంజన్‌కి చేరకుండా ఆ సందులోంచి పోతోంది, పెట్రోల్ మాత్రం లెక్క ప్రకారం పడుతోంది. క్లాంప్ మార్చి బిగిస్తే సరిపోయింది. (ఎంఏఎఫ్ లేకుండా, గాలి ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సార్ మీదే నడిచే కార్లలో గొట్టం లీకైతే పికప్ తగ్గుతుంది గానీ ఇలా రిచ్ కాదు, మీ కారులో ఏదుందో ముందు తెలుసుకోండి.)

ఐడిల్‌లోనే మైనస్ ఉండి స్పీడులో సర్దుకుంటే ఇంజెక్టర్ కారడమో, పర్జ్ వాల్వ్ (ట్యాంకు పెట్రోల్ ఆవిరిని ఇంజన్‌లోకి పంపేది) తెరుచుకుపోవడమో అయి ఉండొచ్చు. పర్జ్ గొట్టం నొక్కి పట్టుకుంటే ట్రిమ్ సున్నా వైపు వస్తే దొంగ దొరికినట్టే. బంకులో ఆటో కట్ అయ్యాక కూడా "రౌండ్ చేయి" అని మూతిదాకా కొట్టించే అలవాటు ఉంటే మానేయండి, ఆ పెట్రోల్ ఆవిరిని పట్టే చార్‌కోల్ క్యానిస్టర్‌లోకి పోయి ఇదే జబ్బు తెస్తుంది. కూలెంట్ టెంపరేచర్ కూడా ఒకసారి చూడండి, ఇంజన్ వేడెక్కినా 40 డిగ్రీలే చూపిస్తుంటే ఈసీయూ ఇంజన్ చల్లగా ఉందనుకుని పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. ఫుల్ థ్రాటిల్‌లో రిచ్ చూపించడం మాత్రం తప్పు కాదు, టర్బోని వేడి నుంచి కాపాడటానికి ఈసీయూ కావాలనే అలా చేస్తుంది.

మరి నేరుగా మార్చేయడం ఎప్పుడు మేలు? సెన్సార్‌ని వేడిచేసే హీటర్ కోడ్ పి0135 వచ్చి, ఫ్యూజు బాగుండి, మల్టీమీటర్‌తో చూస్తే హీటర్ వైర్ల మధ్య ఓపెన్ (ఓఎల్, లోపల తెగినట్టు) చూపిస్తే సెన్సార్ పోయినట్టే. వైరు కాలిపోయినా, లక్షన్నర కిలోమీటర్లు తిరిగి రీడింగ్ బద్ధకంగా కదులుతున్నా అంతే. ఇక లేటు చేయొద్దు, ఎక్కువ పెట్రోల్ సిలిండర్ గోడల మీద ఆయిల్‌ని కడిగేస్తుంది, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది, దాని ముందు సెన్సార్ ధర ఏపాటి?

కొనేటప్పుడు ఆన్‌లైన్‌లో వైర్లు అతికించుకునే చౌక యూనివర్సల్ రకం కంటే, కంపెనీలో వచ్చిన పార్ట్ నంబర్‌తోనే బాష్, ఎన్‌టీకే, డెన్సో లాంటివి తీసుకోవడం నయం. ముఖ్యంగా వైడ్‌బ్యాండ్ (మిశ్రమాన్ని కచ్చితమైన అంకెల్లో కొలిచే రకం) అయితే కొన్నిటికి కనెక్టర్ లోపలే కాలిబ్రేషన్ రెసిస్టర్ ఉంటుంది, కనెక్టర్ కత్తిరించారంటే లెక్క తప్పుతుంది. మార్చాల్సింది కన్వర్టర్‌కి ముందున్నదా వెనకున్నదా అని కూడా అడగండి, పెట్రోల్ కొలత ప్రధానంగా ముందున్న దాని పని.

వారంటీ ఉంటే షోరూమే. లేకపోతే గొట్టాల్లోకి పొగ పంపి లీకు పట్టే స్మోక్ మెషీన్ ఉన్న షెడ్డు వెతుక్కోండి, లైవ్ డేటా మీకు చూపించి మాట్లాడే మెకానిక్ అయితే ఇంకా మంచిది. వచ్చీరాగానే బ్యాటరీ టెర్మినల్ పీకేవాళ్ళని మాత్రం ఆపండి, చాలా కార్లలో కోడ్‌లు, నేర్చుకున్న ట్రిమ్‌లు అన్నీ చెరిగిపోతాయి, ఫోటో తీసుకున్నాకే ఏదైనా. ఇక లైట్ వెలగడం కాకుండా కొట్టుకుంటూ ఉంటే అది మిస్‌ఫైర్, ఒంగోలు దాకా మెల్లగా పోదాంలే అనుకోకండి, పక్కన ఆపి టో చేయించండి.