ప్రోపోలిస్ టింక్చర్: లేబుల్ మీది 20 శాతం దేనిది?

కాలేయానికి, కిడ్నీలకు రక్షణ అంటూ అమ్మే తేనెటీగ ఉత్పత్తుల్లో ప్రోపోలిస్ టింక్చర్ ఒకటి. తేనెటీగలు చెట్ల మొగ్గల నుంచి తెచ్చిన జిగురును దాదాపు 70 శాతం ఆల్కహాల్‌లో నానబెట్టి, మైనం తీసేసి వడకడతారు.

లేబుల్ మీద ‘20 శాతం’ అని చూసి సరిపెట్టుకోకండి. 100 మిల్లీలీటర్లకు 20 గ్రాముల ముడి ప్రోపోలిస్ వేశారా, లేక 20 గ్రాముల ఎండు సారం ఉందా? ముడి సరుకులో జిగురు సుమారు సగమే, మిగతాదాంట్లో ఎక్కువ భాగం మైనం. కాబట్టి మొదటి రకం సీసాలో అసలు పదార్థం సగానికి పడిపోతుంది. ఈ వివరం రాయని సీసాను కొనకపోవడమే మంచిది. ఏ చెట్టుదో కూడా రాసి ఉండాలి. పోప్లార్ చెట్టు రకంలో కేప్ అనే రసాయనం, బ్రెజిల్ ఆకుపచ్చ రకంలో ఆర్టెపిల్లిన్-సి అనే రసాయనం ముఖ్యం. రెండూ ఒకటి కావు.

మోతాదు లెక్కలోనూ తేడా వస్తుంది. ఆల్కహాల్ చుక్క నీటి చుక్క కన్నా చిన్నది, అందుకే ‘20 చుక్కలంటే ఒక మిల్లీలీటర్’ అనే లెక్క ఇక్కడ పనికిరాదు. గీతలున్న డ్రాపర్‌తో కొలవండి. నీళ్లలో వేస్తే పాలలా తెల్లబడి, జిగురు గ్లాసుకే అంటుకుపోతుంది. చెంచాడు తేనెలో కలిపితే వృథా తక్కువ.

ఇక పనితనం. ఇన్‌ఫ్లమేషన్‌ను రగిలించే ఎన్ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీన్‌ను కేప్ అడ్డుకుంటుందని 1996లోనే కణాల మీద చూపారు. పారాసిటమాల్, క్యాన్సర్ మందు సిస్‌ప్లాటిన్‌తో దెబ్బతిన్న ఎలుకల అవయవాల్లోనూ మేలు కనిపించింది. అయితే ఆ ఎలుకల్లో చాలావాటికి ప్రోపోలిస్‌ను విషానికి ముందుగానో, దాంతోపాటో ఇచ్చారు. అప్పటికే పాడైన కాలేయాన్ని బాగుచేస్తుందనడానికి అది రుజువు కాదు. మనుషుల మీద జరిగిన ట్రయల్స్ చిన్నవి. వాటిని కలిపి చూస్తే సీఆర్‌పీ లాంటి, రక్తంలో ఇన్‌ఫ్లమేషన్‌ను చూపే సూచికలు కొంత తగ్గాయి. పైగా ప్రోపోలిస్ వాడాక కిడ్నీలు విఫలమైన రోగి గురించి 2005లో వైద్య పత్రికలో వచ్చింది. ‘అవయవ రక్షణ’ అని పెద్ద అక్షరాల్లో వేసుకునే కంపెనీలు ఈ మాట కూడా చెప్పాలి.

నోటి పూతకు పైపూతగా వాడి చూడొచ్చు. కాలేయ జబ్బుకు మాత్రం వద్దు, సీసాలో ఉన్నది ఆల్కహాలే. తేనెటీగ ఉత్పత్తులు పడనివారు, ఆస్తమా ఉన్నవారు దూరంగా ఉండాలి. మరో తేనెటీగ ఉత్పత్తి రాయల్ జెల్లీతో ప్రాణాంతకమైన అలర్జీలు కూడా నమోదయ్యాయి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మందు వాడేవారు డాక్టర్‌ను అడగకుండా ప్రోపోలిస్, రాయల్ జెల్లీ రెండింటిలో ఏదీ మొదలుపెట్టకూడదు.