58 అంగుళాల పట్టు టై: పొడవు కుదిరేది ముడిలోనే

గత మాఘమాసంలో మా అక్కయ్య కొడుకు పెళ్లి రిసెప్షన్ కోసం విజయవాడలోని ఒక దుస్తుల దుకాణంలో ఒకే రకం పట్టు టైలు రెండు కొన్నాను. ఒకటి పెళ్లికొడుక్కి, రెండోది మా అబ్బాయికి. ముదురు నీలం మీద చిన్న తెల్ల చుక్కలున్న ఈ టై ఖరీదు 1,450 రూపాయలు. ఇంటికి తెచ్చి టేపు పెట్టి కొలిస్తే పొడవు 58 అంగుళాలు, వెడల్పు కొస దగ్గర 3.25 అంగుళాలు ఉంది.

వస్తువు నాణ్యత విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. బట్టను ఐమూలగా కత్తిరించారు కనుక సన్న కొస పట్టుకుని వేలాడదీస్తే మెలి తిరగకుండా నిటారుగా నిలిచింది. 1920లలో న్యూయార్క్‌లో జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ బట్టను ఇలా ఐమూలగా కోసి, మూడు ముక్కలుగా కలిపి కుట్టే పద్ధతికి పేటెంటు పొందాడు. ముడి విప్పిన తర్వాత టై మళ్లీ తన ఆకారానికి రావడానికి ఆ కోతే కారణం. లోపలి అస్తరు ఉన్నిది, మరీ మందం కాదు. వెనుక కుట్టు చివర వదులుగా విడిచిన దారం కూడా కనిపించింది. టై సాగినప్పుడు కుట్టు తెగకుండా కాపాడేది ఆ దారమే కనుక దాన్ని కత్తిరించకూడదు.

నా అసంతృప్తి అమ్మిన తీరు మీద. పెట్టె మీద గాని, టై వెనుక గాని పొడవు ఎక్కడా ముద్రించలేదు. అడిగితే "అందరికీ ఇదే సైజండి" అన్నారు. మా మేనల్లుడి ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు, మా అబ్బాయిది 6 అడుగుల 1 అంగుళం. ఇద్దరికీ అక్కడే ఫుల్ విండ్సర్ అనే పెద్ద ముడి వేసి, అద్దంలో ముడి మాత్రం చూపించి పంపించారు. ఇంటికి వచ్చాక మా అబ్బాయి కోటు విప్పితే వెడల్పు కొస బెల్టుకు మూడు అంగుళాల పైనే ఆగిపోయి ఉంది. దాన్ని కిందికి దించుదామంటే సన్న కొస పైకి జరిగి, వెనుక దాన్ని దూర్చవలసిన పట్టీకి అందకుండా పోయింది.

ముడిని ఫ్యాషన్ విషయంగా మాత్రమే చూడటం వల్ల ఈ ఇబ్బంది వస్తుందని నా అభిప్రాయం. టై పొడవు మారదు. అందులో కాలర్ చుట్టూ పోయేది, ముందు వేలాడేది, వెనుక వేలాడేది పోగా మిగిలినదంతా ముడిలోకి వెళ్లాలి కాబట్టి, వెడల్పు కొస బెల్టు బకిల్‌ను తాకాలనే నియమం పాటిస్తూ సన్న కొస దానికంటే పొట్టిగా ఉండాలంటే, ఎవరి ఒంటికి ఎంత పొడవును మింగే ముడి కావాలో ముందే చూసుకోవాలి. కేంబ్రిడ్జ్ భౌతిక శాస్త్రవేత్తలు థామస్ ఫింక్, యోంగ్ మావో 1999లో టై ముడులను గణితంతో లెక్కగట్టి మొత్తం 85 విధాలని తేల్చారు. వారి లెక్కలో ఫోర్ ఇన్ హ్యాండ్ అనే చిన్న ముడికి వెడల్పు కొసను తిప్పే కదలికలు 4, ప్రాట్ అనే ముడికి 5, హాఫ్ విండ్సర్‌కు 6, ఫుల్ విండ్సర్‌కు 8. కదలికలు పెరిగేకొద్దీ ముడిలోకి వెళ్లే బట్ట కూడా పెరుగుతుంది. ఈ టై మీద నేను కొలిచినప్పుడు ఫోర్ ఇన్ హ్యాండ్ కంటే ఫుల్ విండ్సర్ సుమారు 4 అంగుళాలు ఎక్కువ తీసుకుంది.

అందుచేత మా అబ్బాయికి ఫోర్ ఇన్ హ్యాండ్ వేశాను. వెడల్పు కొస బకిల్ దాకా దిగింది, సన్న కొస పట్టీకి అందీ అందనట్టుగా చేరింది. అంత ఎత్తు ఉన్నవారు 61 నుంచి 63 అంగుళాల పొడవు టై అడిగి కొనుక్కోవడమే సరైన పని. మేనల్లుడికి పరిస్థితి దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఫోర్ ఇన్ హ్యాండ్ వేస్తే రెండు కొసలూ దాదాపు సమానంగా వేలాడాయి. ఫుల్ విండ్సర్ ఆ మిగులును చక్కగా మింగింది గాని, అతని చొక్కా కాలర్ మొనలు దగ్గరదగ్గరగా ఉండటంతో ముడి వాటిని పక్కలకు నెట్టేసింది. చివరికి హాఫ్ విండ్సర్ కుదిరింది: సన్న కొస రెండంగుళాలకు పైగా పొట్టిగా నిలిచి, వెనుక పూర్తిగా దాగిపోయింది. పెళ్లికొడుకు కోటు గుండీలు విప్పుకుని భోజనాల వరుసలో అతిథులను పలకరిస్తున్నప్పుడు కూడా అది బయటపడలేదు.

ప్రతిసారీ అదే కొలత రావడానికి చొక్కా గుండీలనే గుర్తుగా పెట్టుకోవచ్చు. కట్టడం మొదలుపెట్టేటప్పుడు సన్న కొస ఏ గుండీ దగ్గర ఉందో చూసుకుని, ముడి పూర్తయ్యాక వెడల్పు కొస బకిల్ దాటితే మరుసటిసారి సన్న కొసను ఆ మేరకు కిందికి దించి, పైన ఆగితే పైకి జరిపి మొదలుపెట్టాలి. మేనల్లుడికి రెండు ప్రయత్నాల్లోనే ఆ గుండీ తెలిసిపోయింది. టైని మార్చినప్పుడు మాత్రం అస్తరు మందం మారుతుంది కాబట్టి గుర్తును మళ్లీ చూసుకోవాలి.

రిసెప్షన్ అయ్యాక ముడులను కట్టిన వరుసకు వెనుకనుంచి విప్పి, రాత్రంతా హ్యాంగరుకు వేలాడదీశాము. తెల్లవారేసరికి రెండింటి మీదా ముడతలు పోయాయి. ఈ ధరకు ఈ పట్టు, ఈ కుట్టు న్యాయమైనవే. మధ్యస్థమైన ఎత్తు ఉన్నవారు నిశ్చింతగా కొనవచ్చు. మిగిలినవారు దుకాణానికి వెళ్లేటప్పుడు తాము తొడిగే చొక్కా, బెల్టుతోనే వెళ్లి, టేపుతో కొలిపించి, తమకు కావలసిన ముడి అక్కడే వేసి చూసుకున్న తర్వాతే డబ్బు చెల్లించాలి.