నాసిక్ వైనరీలా, నంది హిల్స్ వైపా: ఏది మేలు?

హైదరాబాద్ నుంచి రెండు మూడు రోజుల సెలవులో వైన్ తోటలు చూసి, నాలుగు రకాలు రుచి చూసి రావాలంటే ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి నాసిక్, రెండోది బెంగళూరు పక్కన నంది హిల్స్ వైపు. మన దగ్గర ద్రాక్ష పండక కాదు. అనాబ్-ఎ-షాహీ అనగానే హైదరాబాద్ చుట్టుపక్కల పాత తోటలు తలుచుకునే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. కానీ అది తినే పండు. వైన్‌కి పనికొచ్చే ద్రాక్ష చిన్నగా, మందపాటి తోలుతో, గింజలతో ఉంటుంది. దాన్ని పండించి, అక్కడే వైన్ చేసి, వచ్చినవాళ్ళకు పోసి అమ్మే వ్యాపారానికి మహారాష్ట్ర 2001లో, కర్ణాటక 2007లో ప్రత్యేక విధానాలు తెచ్చాయి. మన రెండు రాష్ట్రాల వాళ్ళం పొరుగుకి వెళ్ళక తప్పడం లేదు.

నా ఓటు నాసిక్‌కి. వైనరీలు తిరగడమే పనిగా పెట్టుకుంటే మరో మాట లేదు. బెంగళూరులో పెళ్ళో పనో ఉండి ఒక పూట ఖాళీ దొరికితే మాత్రం నంది వైపు.

దూరం లెక్కలో నందిదే గెలుపు. కారులో వెళ్తే 44వ నంబరు హైవే మీద బెంగళూరు ఊళ్ళోకి దిగకముందే చిక్‌బళ్ళాపూర్ వస్తుంది. విమానంలో వెళ్తే దేవనహళ్ళి ఎయిర్‌పోర్టు నుంచి దొడ్డబళ్ళాపురం దారిలోనే గ్రోవర్ జంపా వైనరీ. హిందూపురం, అనంతపురం వాళ్ళయితే పొద్దున బయల్దేరి రాత్రికి ఇంటికొచ్చేయొచ్చు, లేపాక్షి కూడా చుట్టేసి. నాసిక్‌కి సికింద్రాబాద్ నుంచి దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఉంది, నాసిక్ రోడ్‌లో దిగాలి. అయితే మనవాళ్ళలో చాలామంది షిర్డీకి ఎలాగూ వెళ్తుంటారు. అక్కడి నుంచి నాసిక్ సుమారు 90 కిలోమీటర్లు, మరో ముప్ఫై పోతే త్ర్యంబకేశ్వరం. ఇంటిల్లిపాదీ కదిలిన యాత్రలో వైనరీ ఇరికించడం కాస్త ఇబ్బందే, కాదనను. గుడి ఒక రోజు, తోట మరో రోజు పెట్టుకుంటే ఎవరి మనసూ నొచ్చుకోదు. పెద్ద వైనరీల్లో రెస్టారెంట్లుంటాయి, శాకాహారం దొరుకుతుంది. తాగనివాళ్ళు తోట చూస్తూ కూర్చోవచ్చు.

ఇక అసలు సంగతి, చిన్న వైనరీలు. నాసిక్ అనగానే అందరూ సూలా అంటారు. రాజీవ్ సామంత్ తొంభైల్లో తోట వేసి, 2000లో మొదటి వైన్ తెచ్చారు. స్టీలు ట్యాంకులు, బ్యారెళ్ళు, బాట్లింగ్ వరస ఎంత పెద్ద ఎత్తున నడుస్తాయో చూడ్డానికి అక్కడి టూర్ బాగుంటుంది. కానీ శని, ఆదివారాల్లో అది తిరునాళ్ళే. పోసే కుర్రాణ్ణి ఒక ప్రశ్న అడుగుదామంటే వెనక పదిమంది నిలబడి ఉంటారు. అదే గంగాపూర్ వైపు యార్క్, సోమా ఉన్నాయి. యార్క్‌ని గుర్నానీ కుటుంబం మొదలుపెట్టింది, 2021లో సూలానే కొనేసింది. కాబట్టి యజమానుల లెక్కలో అది ఇప్పుడు చిన్నది కాదు, కానీ చోటు మాత్రం చిన్నదే. అక్కడి నుంచి కనిపించే గంగాపూర్ డ్యామ్ నీళ్ళు గోదావరివి. రాజమండ్రిలో అంత వెడల్పున చూసినవాళ్ళకి, పుట్టినచోటికి దగ్గర్లో ఇలా కొండల మధ్య చూడ్డం ఒక ముచ్చట.

నాకు ఎక్కువ నచ్చేది ఇగత్‌పురి వైపున్న ‘వాలోనే’ అనే వైనరీ. ముంబై దారిలో, ముకణే జలాశయం ఒడ్డున ఉంటుంది. చేసేది తక్కువ, వచ్చే జనమూ తక్కువే. వియోన్యే (తెలుపు), మాల్బెక్ (ఎరుపు) లాంటి రకాలు ఇక్కడ రుచి చూడొచ్చు. ఈ బ్యారెల్‌లో ఎన్ని నెలలుంచారు, ఈ ఏడు వానలు పంటను ఏం చేశాయి అని అడిగితే తీరిగ్గా చెప్పే మనిషి దొరికే అవకాశం ఇలాంటిచోటే ఎక్కువ. చిన్న వైనరీకి వెళ్ళేదే అందుకు కదా. ముందుగా ఫోన్ చేసి వెళ్ళాలి.

నంది వైపు చరిత్ర తక్కువేం కాదు. కన్వల్ గ్రోవర్, ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతానికి చెందిన జార్జ్ వెస్సెల్‌తో కలిసి 1988లో ఇక్కడ వైన్ వ్యాపారం మొదలుపెట్టారు. తర్వాత అదే దేశంలోని బోర్డోకి చెందిన వైన్ నిపుణుడు మిషెల్ రోలాండ్ సలహాదారుగా వచ్చారు. ఎర్రనేల, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు, చల్లటి రాత్రులు. ఎరుపు వైన్ ఒక్కదాని కోసమే వెళ్ళేవాళ్ళయితే నేను ఇటే పంపుతాను, గ్రోవర్ వాళ్ళ లా రిజర్వ్ తాగి చూడమంటాను. అక్కడి పొలాల్లో కనిపించే నల్లద్రాక్ష ఎక్కువగా బెంగళూరు బ్లూ. చవక తీపి వైన్లు దాంతోనే చేస్తారు, టేస్టింగ్ వైన్లతో దాన్ని కలిపి చూడకండి.

చిక్కల్లా తిరగడంలోనే. సూలా వాళ్ళ కర్ణాటక వైనరీ డొమైన్ సూలా చూద్దామంటే అది మైసూరు దారిలో చన్నపట్న దగ్గర, అంటే బెంగళూరు ట్రాఫిక్ మొత్తం దాటి అవతల. హంపీ హిల్స్‌లోని కృస్మా తోట మన హైదరాబాదీలదే, మందుల కంపెనీ గ్రాన్యూల్స్ ఇండియా చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులది. కానీ అది ఎప్పుడంటే అప్పుడు తలుపు తట్టే చోటు కాదు, ముందే అడిగి చూడాలి. నాసిక్‌లో అయితే గంగాపూర్ వైపు ఒకదాని నుంచి ఇంకోదానికి కాసేపట్లో చేరొచ్చు.

కాలం విషయంలో రెండింటికీ పెద్ద తేడా లేదు. యూరప్‌లో కోత సెప్టెంబర్ ప్రాంతంలో అయితే, ఇక్కడ ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా. సంక్రాంతి సెలవుల నుంచి శివరాత్రి లోపు వెళ్తే గుత్తులు చెట్టు మీద ఉంటాయి, వైనరీ పనిలో ఉంటుంది. శివరాత్రినాడు మాత్రం త్ర్యంబకం రద్దీలో పడకండి. ఏప్రిల్ వచ్చేసరికి తీగలు కత్తిరించేస్తారు, మోడులు చూసి రావాలి. వానాకాలంలో ఇగత్‌పురి కొండలు జలపాతాలతో పచ్చగా ఉంటాయి గానీ ద్రాక్ష ఉండదు. 2027లో నాసిక్‌లో సింహస్థ కుంభమేళా, రూముల సంగతి చెప్పక్కర్లేదు.

మనవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది, ఒక్కరోజులో నాలుగు వైనరీలు. ఒక్కో రకం 30 మిల్లీలీటర్లు పోసినా, అయిదు రకాలకి ఒక నిండు గ్లాసు అయిపోయినట్టే. రెండోచోటికి వెళ్ళేసరికి నాలుక మొద్దుబారుతుంది, మూడోచోట అన్నీ బాగున్నాయంటారు. రోజుకి రెండు చాలు. పుక్కిలించి ఉమ్మడానికి పాత్ర పెడతారు, ఉమ్మితే ఎవరూ తప్పు పట్టరు (డబ్బులిచ్చి ఉమ్మేదేంటని మా బావ ఇప్పటికీ ఒప్పుకోడు). కారు నడిపేందుకు తాగని మనిషి ఉండాలి, లేదా డ్రైవర్‌ని పెట్టుకోవాలి.

కొనేటప్పుడు మన వంట గుర్తుపెట్టుకోండి. వగరెక్కువ ఉన్న ఎరుపు వైన్ పక్కన కారం ఇంకా మండుతుంది. గోంగూర మాంసం, గుత్తివంకాయ పక్కన కాస్త తీపి తగిలే నాసిక్ తెల్ల వైన్ షెనిన్ బ్లాంక్ చక్కగా కుదురుతుంది. హైదరాబాద్ షాపుల్లో దొరికే సీసాని అక్కడి నుంచి మోసుకురావడం దండగ, వైనరీలో మాత్రమే అమ్మేది ఏదైనా ఉందా అని అడిగి ఒకటో రెండో తీసుకోండి. విమానంలో అయితే చెక్-ఇన్ బ్యాగులో, బట్టల మధ్య చుట్టి పెట్టాలి. కారులో అయితే డిక్కీ నింపుకోకండి, రాష్ట్రం మారితే మద్యం నిబంధనలూ మారతాయి.