వంశవృక్షం యాప్‌కు డబ్బు కట్టే ముందు ఇది చదవండి

వంశవృక్షం యాప్‌లకో, సైట్లకో సబ్‌స్క్రిప్షన్ తీసుకోవాలనుకుంటున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నా. ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటూ, ఊళ్లో ఇంకా పంపకాలు కాని భూమి ఉండి, పిల్లలు విదేశాల్లో ఉన్న కుటుంబాల వాళ్లు కాస్త ఓపిగ్గా చదవండి. కంపెనీ పేరు రాయడం లేదు. మాకు జరిగినదానికి దారితీసిన షరతులు వేరేచోట కూడా ఉంటాయి కాబట్టి పేరు కంటే ఆ షరతులు గుర్తుపట్టడమే మీకు పనికొస్తుంది.

మేం కొన్నది ఏడాది ప్లాన్, ఆఫర్‌లో 2,999 రూపాయలు. ఉచితంగా చేసుకునే చోట్లు ఉన్నా డబ్బు కట్టింది ఒకే ఒక్క మాట కోసం: 'ప్రైవేట్ ట్రీ'. మేం పిలిచినవాళ్లకు తప్ప ఎవరికీ కనబడదని, బతికున్నవాళ్ల వివరాలు అసలే బయటికి రావని రాసుంది. సరేనని నాన్న వైపు, అమ్మ వైపు అంతా ఎక్కించాం. పెదనాన్న డైరీ, పాత శుభలేఖలు, తాతగారి పేరున్న పహాణీ (భూమి రికార్డు) నకలు, ఏది దొరికితే అది ఫోటో తీసి ఆధారంగా జతచేయమని యాప్ అడుగుతూనే ఉంటుంది. ఒక్కో కాగితం పెట్టినప్పుడల్లా పర్సంటేజీ పెరుగుతుంది. ఆ పచ్చగీత నిండుతుంటే చూడముచ్చటగానే ఉంటుంది, కాదనను.

మొదటి తేడా అమ్మమ్మ దగ్గర కనబడింది. ఆమె పుట్టిన తేదీ ఎవరికీ తెలీదు. పోలీస్ యాక్షన్ నాటికి చంకలో పిల్లనని చెబుతుంది, అంటే 1948కి కాస్త ముందు. కాగితం మీద తేదీ లేదు కాబట్టి ఆ గడి ఖాళీగా వదిలేశాం. తేదీ లేకుండా, కింద మునిమనవల దాకా తరాలుంటే ఆ మనిషి పోయినట్టే ఈ సాఫ్ట్‌వేర్ లెక్క. దాంతో ఆమెను చనిపోయినవాళ్ల జాబితాలో వేసి, ఫోటోతో సహా వెతికినవాళ్లకల్లా చూపించింది. ఈ సంగతి చెబితే అమ్మమ్మ, 'పోయాక కూడా మీకు వండి పెడుతున్నానన్నమాట' అని నవ్వేసింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. మన పెద్దవాళ్లలో పుట్టిన తేదీ కచ్చితంగా ఉన్నవాళ్లు ఎంతమంది? స్కూల్లో వేయించిన తేదీ ఒకటి, ఆధార్‌లో జనవరి ఒకటి, అసలుది ఇంకోటి. ఎక్కడో తేదీలన్నీ రిజిస్టర్లలో ఉండే దేశాల కోసం రాసుకున్న లెక్కలో మన ఇళ్లలో సగంమంది పైకి పోతారు.

రెండోది దీనికంటే పెద్దది. 'మీ కుటుంబంతో కలిసే మరో ట్రీ దొరికింది' అని యాప్ నోటిఫికేషన్లు పంపుతూ ఉంటుంది. మా వాట్సాప్ గ్రూపులో లింక్ అందుకున్న ఒక దూరపు బంధువు వాటిలో ఒకదానికి ఓకే కొట్టాడు. అంతే, మా కొమ్మ మొత్తం వేరొకరి ట్రీలోకి కాపీ అయింది. ఆ ట్రీ పబ్లిక్. మనం పెట్టుకున్న ప్రైవేట్ సెట్టింగ్ మన కాపీకే గానీ, అవతలివాళ్ల దగ్గరికి వెళ్లిన కాపీకి వర్తించదు. ఇది షరతుల్లో ఉంది, ఎక్కడో అడుగున ఉంది. ఇంకో విడ్డూరం, ఆ కలిపిన కుటుంబానికీ మాకూ ఇంటిపేరు ఒకటే, గోత్రాలు వేరు. గోత్రం నింపే గడే లేని యాప్ అది. ఒకే ఊరి పేరు ఇంటిపేరుగా ఉన్న కుటుంబాలు మన దగ్గర ఎన్నో ఉంటాయని దానికేం తెలుసు?

ఇక అసలు సంగతి. దిల్‌సుఖ్‌నగర్‌లో మా పిన్ని ఒక్కతే ఉంటుంది. బాబాయి పోయి కొన్నేళ్లయింది. ఒక మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. ఫోన్ చేసినవాడు ఆమెను పుట్టింటి పేరుతో పలకరించాడు. పెళ్లిలో అత్తవారు పేరు మార్చిన తరం ఆమెది. మా ఇంటికొచ్చాక ఆ పాత పేరుతో పిలిచినవాళ్లు లేరు, ఆధార్‌లో లేదు, బ్యాంకులో లేదు. 'మీ మేనల్లుడికి యాక్సిడెంట్ అయిందమ్మా, ఎల్బీ నగర్ దగ్గర హాస్పిటల్లో చేర్చాం, మా మేనత్తకు చెప్పండని ఆ బాబే మీ నంబర్ ఇచ్చాడు' అన్నాడు. మేనల్లుడి ముద్దుపేరు కూడా చెప్పాడు. ముందు నలభై వేలు పంపితేగానీ ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్లరన్నాడు. పిన్ని చేతులు వణుకుతుంటే ఫోన్‌పే చేసిపెట్టమని పక్కింటావిడ దగ్గరికి పరిగెత్తింది. ఆ మహాతల్లి ముందు మేనల్లుడికి ఫోన్ కలిపింది. అతను గచ్చిబౌలిలో ఆఫీసు క్యాంటీన్‌లో భోంచేస్తున్నాడు.

డబ్బు పోలేదు. కానీ పుట్టింటి పేరు, మేనత్త వరస, ముద్దుపేరు, ఫోన్ నంబర్, ఈ నాలుగూ ఒకేచోట ఉన్నది ఆ ట్రీలోనే. నంబర్ ఎక్కడిదంటారా? ఆధారంగా పెట్టిన శుభలేఖ ఫోటోలో, అడుగున ఆహ్వానించువారి పేర్ల పక్కన ఉంది. మనిషి ప్రొఫైల్ దాచినా జతచేసిన ఫోటో పబ్లిక్ కాపీలో తెరుచుకుంటోంది, నేనే వేరే ఫోన్‌లో లాగిన్ లేకుండా తెరిచి చూశాను. వాడు అక్కణ్ణుంచే తీశాడని కోర్టులో నిరూపించగలనా అంటే లేదు. నాకైతే అనుమానం లేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకే పెదనాన్నకు ఒక బ్రోకర్ ఫోన్ చేశాడు. షాద్‌నగర్ వైపు తాతగారి భూమి సర్వే నంబర్‌తో సహా చెప్పి, 'మీ చెల్లెలుగారి పిల్లలు అమెరికాలో ఉన్నారు కదండీ, వాళ్ల జీపీఏ సంగతి మేం చూసుకుంటాం' అన్నాడట. జీపీఏ అంటే వాళ్ల తరఫున వ్యవహారం నడపడానికి ఇచ్చే అధికారపత్రం. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత ఆడపిల్లల వాటా లేకుండా ఉమ్మడి ఆస్తి కదలదని అందరికీ తెలుసు. ఎవరికెంతమంది పిల్లలు, ఎవరు దేశంలో లేరు, ఎవరికి వారసులే లేరు, ఇదంతా ఒక్క పేజీలో గీసిపెడితే అది కబ్జాదారుడికి ఇంటి తాళంచెవి అందించినట్టే. ఔటర్ రింగ్ రోడ్డు చుట్టూ భూములున్న కుటుంబాలకు నేను ఇంతకంటే చెప్పక్కర్లేదు.

కస్టమర్ కేర్ వాళ్లను అడిగితే మర్యాదకు మాత్రం లోటు లేదు. 'మీ డేటా మా దగ్గర చాలా సేఫ్ సార్' అని ప్రతి మెసేజ్‌లోనూ రాస్తారు. తీసేయండి అంటే మీ అకౌంట్ తీసేస్తాం, వేరే సభ్యులు కాపీ చేసుకున్నవి వాళ్ల సొంతం, వాళ్లనే అడగండి అన్నారు. ఆ ట్రీ యజమాని టెక్సాస్‌లో ఉంటాడు. రాశాను. 'మీ పిన్నిగారు వరసకు మాకూ బంధువే, ఎందుకు తీయాలి?' అని జవాబిచ్చాడు. గోత్రాలు వేరని చెప్పినా వినలేదు. శుభలేఖ ఫోటో ఒక్కటి మాత్రం తీశాడు, అదే పదివేలు.

చట్టం ఉంది కదా అంటారేమో. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023లో వచ్చింది, నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చాయి. కంపెనీల మీద అసలైన బాధ్యతలు పడేందుకు అందులోనే 18 నెలల గడువిచ్చారు. పైగా ఒక వ్యక్తి తన సొంత, ఇంటి అవసరానికి పెట్టుకున్న వివరాలకు ఆ చట్టం వర్తించదు. టెక్సాస్ బంధువు లాంటివాళ్లు ఆ మాటే అడ్డం పెట్టుకుంటారు. కాబట్టి తర్వాత తీయించుకుందాంలే అనే ధైర్యంతో ఏదీ పెట్టకండి.

రెన్యువల్ గొడవ కూడా చెప్పాలి. రెండో ఏడాదికి 2,999 కాస్తా 5,999 అయింది. యూపీఐ ఆటోపే ఓకే చేసేటప్పుడు స్క్రీన్ మీద ఈసారి కట్టే మొత్తం పెద్దగా, గరిష్ఠ పరిమితి చిన్నగా ఉంటుంది. ఆ పరిమితిలోపు ఎంతైనా లాగొచ్చు. 15,000 లోపు అయితే మళ్లీ పిన్ కూడా అడగరు. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలి, వచ్చింది కూడా, కాకపోతే ఆఫర్ల మెసేజ్‌ల మధ్యలో కొట్టుకుపోయింది. యాప్ డిలీట్ చేసినా, అకౌంట్ మూసినా ఆటోపే రద్దు కాదు. మీ ఫోన్‌పేలోనో, గూగుల్‌పేలోనో ఆటోపే విభాగంలోకి వెళ్లి విడిగా రద్దు చేయాలి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాక రెన్యువల్ డబ్బు వెనక్కి వచ్చింది. బయటికెళ్లిన వివరాలు రాలేదు.

డీఎన్‌ఏ కిట్ కూడా కలిపి అమ్మాలని చూస్తారు. వద్దు. అమెరికాలో డీఎన్‌ఏ పరీక్షలు చేసే 23అండ్‌మీ కంపెనీ సంగతి చూడండి. 2023లో దొంగలు నేరుగా తెరిచింది దాదాపు 14,000 అకౌంట్లే, కానీ బంధువుల్ని కలిపే ఫీచర్ ద్వారా దాదాపు 69 లక్షల మంది వివరాలు పోయాయి. తమ పాస్‌వర్డ్ జాగ్రత్తగా పెట్టుకున్నవాళ్లవి కూడా పోయాయి. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది.

అలాగని ఎవరికీ ఏమీ చెప్పకుండా ట్రంకు పెట్టెలో దాచుకోమని నేను అనను. మా ముత్తాత తమ్ముడి సంతతి వరంగల్‌లో ఉన్నారని తెలిసింది వివరాలు బయటపెట్టడం వల్లే. ఒకప్పుడు పిచ్చుకుంట్లవాళ్లు వచ్చి వాకిట్లో వంశావళి చదువుతుంటే ఊరంతా వినేది. వాళ్లు చదివింది పోయినవాళ్ల పేర్లు. ఫోన్ నంబర్లు చదవలేదు. నా లెక్క కూడా అదే. ముత్తాతలు, వాళ్ల ఊళ్లు, వలసలు, గోత్రం, ఇంటిపేరు ఎలా వచ్చిందో, ఇవన్నీ ధారాళంగా పంచుకోండి. బతికున్నవాళ్లవి, ముఖ్యంగా ఆడవాళ్ల పుట్టింటి పేర్లు, పుట్టిన తేదీలు, దత్తతలు, రెండో పెళ్లిళ్లు ఇంటి కంప్యూటర్ దాటనివ్వకండి. దత్తత వచ్చిన సంగతి ఇంకా తెలియని పిల్లలున్న ఇళ్లు కూడా ఉంటాయి.

గ్రాంప్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మీ కంప్యూటర్‌లోనే పనిచేస్తుంది. ఎవరికైనా ఫైల్ ఇవ్వాలంటే బతికున్నవాళ్లను వదిలేసి ఎగుమతి చేసే వీలుంది. ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షం సైట్ కూడా ఉచితమే. అందులో చనిపోయినవాళ్ల పేజీలు అందరూ చూడొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు, అది తెలుసుకుని దిగండి. ఇక డబ్బు కట్టే సైట్లు చెప్పే కోట్ల రికార్డుల్లో ఎక్కువ భాగం అమెరికా, యూరప్ జనగణనలు, చర్చి రిజిస్టర్లు. నిజాం కాలపు కాగితాల కోసం తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌కు వెళ్లడం మేలు, ఉర్దూ, పారశీకం చదివేవాళ్లను తోడు తీసుకెళ్లండి.

ఇప్పటికే కొనేసి ఉంటే వరస తప్పకుండా చేయండి. ముందు జెడ్‌కామ్ ఫైల్ (వంశవృక్షం వివరాలన్నీ ఒక్కచోట ఉండే ఫైల్) దించుకుని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి, మాకు తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలయ్యాయి, అక్షరాల ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకుని మళ్లీ దించితే సరిగా వచ్చాయి. ఫోటోలు ఆ ఫైల్లో రావు, విడిగా దించుకోవాలి. తర్వాత బతికున్నవాళ్లను, జతచేసిన కాగితాలను ఒక్కొక్కటిగా తొలగించండి. ఆ పైన ఆటోపే రద్దు, చివరికి అకౌంట్. అకౌంట్ ముందే మూసేస్తే ఫైల్ దించుకునే దారి కూడా మూసుకుపోతుంది. ఈలోగా పిన్నికి వచ్చినలాంటి ఫోన్ వచ్చి డబ్బు వెళ్లిపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు.