ఇంట్లో వాడే ఐపీఎల్ మెషిన్: మూడేళ్లకు పైగా వాడాక

వెలుతురు మెరుపులతో ఒంటి మీది వెంట్రుకలను తగ్గించే ఈ ఐపీఎల్ (ఇంటెన్స్ పల్స్‌డ్ లైట్) మెషిన్ నాకు కాళ్లకు, చంకలకు బాగా పనిచేసింది. చేతులకు సగం సగం. ముఖానికి నేను వాడలేదు, మా అక్క కూతురినీ వాడనివ్వలేదు. ఎందుకో కింద చెబుతాను. వెంట్రుకలు పూర్తిగా పోయాయా అంటే పోలేదు, పోవు కూడా. నాలుగో ఏడు నడుస్తున్నా ఆ మెషిన్ మా బీరువాలోనే ఉంది, నెలకో రెండు నెలలకో బయటికి తీస్తూనే ఉన్నాను. మళ్లీ కొనాల్సి వస్తే కొంటావా అంటే కొంటాను. అయితే ప్రకటనల్లో చూపించే తెల్లటి కాళ్లకూ మన చామనఛాయ కాళ్లకూ లెక్క ఒకటి కాదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తే సగం సందేహాలు తీరతాయి. వెంట్రుకకు రంగునిచ్చే మెలనిన్ వెలుతురును పీల్చుకుని వేడెక్కుతుంది, ఎండలో తెల్లచీర కంటే నల్లచీర ఎక్కువ వేడెక్కినట్టే. ఆ వేడి వెంట్రుక మొలిచే కుదురు దాకా దిగి, మళ్లీ వెంట్రుకను పుట్టించే శక్తిని దెబ్బతీస్తుంది. చుట్టూ ఉన్న చర్మాన్ని వదిలేసి రంగు ఉన్నచోట మాత్రమే వేడి పుట్టించవచ్చని అమెరికాలో రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ అనే ఇద్దరు డాక్టర్లు 1983లో ప్రచురించారు. ఇవాళ క్లినిక్‌లో లేజర్లకూ, ఇంట్లో వాడే ఈ మెషిన్లకూ మూలం అదే. లేజర్‌లో ఒకే తరంగదైర్ఘ్యం, అంటే ఒకే రకం వెలుతురు ఉంటుంది. ఐపీఎల్‌లో రకరకాల తరంగదైర్ఘ్యాలు కలిసి ఒక్క మెరుపులా వస్తాయి. పైగా ఇంటి మెషిన్‌లో శక్తి చదరపు సెంటీమీటరుకు ఐదారు జౌళ్ల (శక్తిని కొలిచే ప్రమాణం) దగ్గర ఆగిపోతుంది, క్లినిక్‌లో దానికి కొన్ని రెట్లు వాడతారు. డాక్టరు దగ్గర లేకుండా మనంతట మనం వాడుకునే వస్తువు కాబట్టి అలా తక్కువగా పెట్టడమే సరైనది. ఫలితం కూడా దానికి తగ్గట్టే నెమ్మదిగా వస్తుంది.

మన దగ్గర అసలు చిక్కు ఏమిటంటే, మెలనిన్ వెంట్రుకలోనే కాదు, చర్మంలోనూ ఉంటుంది. చర్మం ఎంత నలుపైతే వెలుతురును అంత ఎక్కువగా అదే పీల్చేసుకుంటుంది. కుదురుకు అందేది తగ్గిపోతుంది, పైన చర్మం కాలే ప్రమాదం పెరుగుతుంది. చర్మపు రంగును డాక్టర్లు ఫిట్జ్‌ప్యాట్రిక్ స్కేలు మీద 1 నుంచి 6 వరకు లెక్కిస్తారు. మనవాళ్లలో ఎక్కువమంది 4, 5 దగ్గర ఉంటారు. కొన్ని మెషిన్లు 4 దాకా, మరికొన్ని 5 దాకా పనికొస్తాయని డబ్బా మీదే రంగుల పట్టీ వేసి ఉంటుంది. నాది 4. నేను రాసేదంతా ఆ రంగు చర్మానికి, నల్లగా గట్టిగా ఉండే వెంట్రుకలకు సంబంధించినదే. తెల్లవెంట్రుకల మీద, బాగా లేతగా ఉండే నూగు మీద ఇది అస్సలు పనిచేయదు, ఎన్నిసార్లు కొట్టినా అంతే.

వాడే పద్ధతి తేలికే కానీ ఓపిక కావాలి. ముందు షేవ్ చేసుకోవాలి. వాక్సింగ్, థ్రెడింగ్, ఎపిలేటర్ పనికిరావు, ఎందుకంటే అవి వెంట్రుకను కుదురు నుంచే లాగేస్తాయి. ఇక వెలుతురు పట్టుకోవడానికి లోపల ఏమీ మిగలదు. ఈ షేవింగ్ దగ్గరే మా అమ్మ అడ్డుపడింది. "బ్లేడు పెట్టావంటే గరుగ్గా మొలుస్తాయే, చెప్పింది విను" అని. నిజానికి బ్లేడు పైన ఉన్నదాన్ని మాత్రమే కోస్తుంది, కుదురు జోలికి పోదు. కోసిన కొస మొద్దుగా ఉంటుంది కాబట్టి తాకితే గరుకుగా అనిపిస్తుంది, అంతే. కొన్ని నెలలు గడిచాక నా కాలు తడిమి చూసి అమ్మే ఆ మాట మానేసింది.

షేవ్ చేసి, తుడుచుకుని, పౌడరు, నూనె, లోషన్ ఏమీ లేకుండా పొడి చర్మం మీద గాజు ముఖాన్ని ఆనించి బటన్ నొక్కాలి. తళుక్కున ఒక మెరుపు, చిన్న చురుకు, కాస్త కాలిన వెంట్రుక వాసన. షేవ్ చేసినప్పుడు ఎక్కడైనా పొడవుగా వదిలేస్తే ఆ వాసన ఎక్కువగా వస్తుంది, చురుకు కూడా అక్కడే గట్టిగా తగులుతుంది. మెషిన్ ముఖం చర్మానికి నాలుగువైపులా సమంగా ఆనకపోతే ఫ్లాష్ రాదు. మోకాలి చిప్ప, చీలమండ ఎముక దగ్గర ఈ ఇబ్బంది బాగా తెలుస్తుంది. మోకాలిని పూర్తిగా మడిచి చర్మం బిగిస్తే కొంత నయం. అయినా అక్కడ ఇప్పటికీ నాలుగు వెంట్రుకలు మొండిగా వస్తూనే ఉంటాయి.

మొదటి నెలలో చాలామంది నిరాశపడి మానేస్తారు, అక్కడే జాగ్రత్తగా ఉండాలి. ఫ్లాష్ కొట్టిన వారం లోపు వెంట్రుకలు మామూలుగానే పెరుగుతున్నట్టు కనిపిస్తాయి. నాకూ అలాగే కనిపించాయి. వారం పది రోజులు దాటాక పిక్క మీద పొడుచుకొచ్చిన ఒకదాన్ని గోళ్లతో పట్టి చిన్నగా లాగితే నొప్పే లేకుండా ఊడి చేతిలోకి వచ్చింది. పక్కది కూడా అంతే. అవి పెరుగుతున్నవి కావు, కుదురుతో సంబంధం తెగిపోయి బయటికి వస్తున్నవి. స్నానంలో రుద్దుకుంటే మరికొన్ని రాలిపోయాయి. మెషిన్ పనిచేస్తోందా లేదా అని తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి గుర్తు నాకు దొరకలేదు. రెండు మూడుసార్లు వాడాక కూడా ఇలా ఊడి రావడం కనిపించకపోతే మెషిన్‌లో పెట్టిన లెవెల్ (వెలుతురు తీవ్రత) చాలట్లేదనో, మీ చర్మానికీ వెంట్రుకకూ ఇది నప్పలేదనో అనుకోవచ్చు. లెవెల్ కూడా ఒక్కో మెట్టే పెంచాలి. ముందు ఒకచోట చిన్నగా కొట్టి చూసి, ఒక రోజు ఆగి, ఎరుపు గానీ మంట గానీ లేకపోతేనే పెంచాలి.

ఊడాక మళ్లీ వస్తాయి. దానికి కారణం వెంట్రుకల స్వభావం. పెరిగే దశలో ఉన్నవాటి మీదే ఈ వేడి పనిచేస్తుంది, విశ్రాంతిలో ఉన్నవి తప్పించుకుంటాయి. కాళ్ల మీద ఏ సమయంలో చూసినా విశ్రాంతిలో ఉన్నవే ఎక్కువ. అవి మేల్కొన్నప్పుడు మళ్లీ కొట్టాలి. అందుకే మొదట్లో రెండు వారాలకు ఒకసారి, తర్వాత నెలకు ఒకసారి అని మెషిన్‌తో వచ్చే పుస్తకంలో రాస్తారు. మధ్యలో తప్పిస్తే పోయిందేమీ ఉండదు, ఫలితం వెనక్కి జరుగుతుంది. వారానికి రెండుసార్లు కొడితే త్వరగా పోతాయని మాత్రం అనుకోవద్దు. విశ్రాంతిలో ఉన్నదాన్ని ఎన్నిసార్లు కొట్టినా లాభం లేదు, చర్మానికే శ్రమ.

కాళ్ల మీద మూడో నెల దాటాక తేడా స్పష్టంగా తెలిసింది. ముందు వెంట్రుకల మధ్య ఎడం పెరిగింది, తర్వాత వచ్చేవి సన్నబడ్డాయి. ఇప్పుడు పిక్కల మీద వేళ్లతో లెక్కపెట్టేటన్ని ఉంటాయి, తొడల వెనక ఇంకొంచెం ఎక్కువ. షేవింగ్ మూడు నాలుగు వారాలకు ఒకసారి సరిపోతోంది. నాకు అన్నిటికంటే సంతోషం కలిగించింది ఇంకొకటి. వాక్సింగ్ తర్వాత చర్మం లోపలే వెంట్రుక మెలిపడి కురుపులు వచ్చేవి, గిల్లితే నల్లమచ్చలు మిగిలేవి. ఆ బాధ పోయింది. మచ్చలు కూడా నెమ్మదిగా తేలికపడ్డాయి. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని మెట్లెక్కేటప్పుడు ఎవరైనా చూస్తారేమోనన్న టెన్షన్ లేదు.

చంకల్లో ఫలితం ఇంకా త్వరగా వచ్చింది. చిన్న చోటు, గట్టి వెంట్రుకలు, ఐదు నిమిషాల పని. అయితే అక్కడ చర్మం మిగతా ఒంటి కంటే నల్లగా ఉంటుంది కాబట్టి కాళ్లకు పెట్టిన లెవెల్ అక్కడ పెట్టకూడదు. రెండు మెట్లు తగ్గించే వాడతాను. కొట్టాక ఆ రోజంతా డియోడరెంట్ వాడను.

చేతుల దగ్గరే మా విజయవాడ ఎండ అడ్డం వచ్చింది. స్కూటీ మీద తిరిగేవాళ్లకు తెలుసు, ముఖానికి చున్నీ చుట్టుకుని, మోచేతుల దాకా గ్లౌజులు వేసుకున్నా మార్చి వచ్చేసరికి ముంజేతులు రెండు మెట్లు నల్లబడతాయి. నా మెషిన్‌లో చర్మం రంగు చూసే సెన్సర్ ఉంది. చలికాలంలో మామూలుగా వెలిగిన చోటే వేసవిలో లైటు ఆరిపోయి ఫ్లాష్ ఇవ్వదు. పాదాల మీద ఇంకా విచిత్రం: చెప్పు పట్టీ కింద తెల్లగా ఉన్న గీత మీద ఫ్లాష్ వస్తుంది, దాని పక్కనే ఎండ తగిలిన చోట రాదు. ఇది మెషిన్ లోపం కాదు, మనల్ని కాల్చకుండా ఆపుతోంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా చేతుల జోలికి వెళ్లను. వాడిన రోజుల్లో బయటికి వెళ్తే ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రాసుకుంటాను. ఇలా విరామాలు రావడం వల్లే చేతులు సగంలో ఉండిపోయాయి.

మధ్యలో రెండో కాన్పు వచ్చింది. గర్భిణులు వాడవద్దని పుస్తకంలోనే ఉంటుంది, వాళ్ల మీద పరీక్షించి చూసింది కాదు కాబట్టి. ఆపేశాను, పాపాయికి పాలు మాన్పించేదాకా ముట్టుకోలేదు. ఆ ఏడాదికి పైగా విరామంలో కాళ్ల మీద వెంట్రుకలు చాలావరకు తిరిగొచ్చాయి. మొదటంత ఒత్తుగా లేవు, మందమూ తక్కువే, కానీ దూరం నుంచి చూస్తే తెలిసేంతగా వచ్చాయి. మళ్లీ మొదలుపెట్టాక తగ్గడానికి మొదటిసారి పట్టినంత కాలం పట్టలేదు. అంచేత ఎవరైనా "ఇక జన్మలో రావు కదా" అని అడిగితే ఈ సంగతే చెబుతాను. క్లినిక్ లేజర్ల విషయంలో కూడా అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ వెంట్రుకల సంఖ్య దీర్ఘకాలం తగ్గుతుందనే ఒప్పుకుంటుంది, అన్నీ పోతాయని కాదు. ఒక్కో కుదురులోకి సన్నని సూది దించి కరెంటు పంపే ఎలక్ట్రాలసిస్‌నే శాశ్వత తొలగింపుగా లెక్కిస్తారు.

ఇక ముఖం. మా అక్క కూతురికి పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) ఉంది. గడ్డం కింద గట్టి వెంట్రుకలు వస్తున్నాయని, "పిన్నీ, నీ మెషిన్ రెండు నెలలు ఇస్తావా" అని అడిగింది. ఆ పిల్ల కాలేజీలో ఎంత నలిగిపోతోందో నాకు తెలుసు, ఇవ్వాలనే అనిపించింది. ముందు స్కిన్ డాక్టర్‌కు చూపిద్దామని తీసుకెళ్లాను. ఆవిడ చెప్పింది విన్నాక ఇవ్వలేదు. హార్మోన్ల వల్ల వచ్చే వెంట్రుకలైతే ఒక కుదురును ఆపినా పక్కన నూగుగా ఉన్నది గట్టిపడుతూనే ఉంటుంది. పైగా కొందరిలో ముఖం, మెడ మీద వెలుతురు తగిలినచోట వెంట్రుకలు తగ్గకపోగా పెరుగుతాయి. దీన్ని పారడాక్సికల్ హైపర్‌ట్రైకోసిస్ అంటారు, హార్మోన్ల సమస్య ఉన్నవాళ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. తనకు రక్తపరీక్షలు చేసి, మందులు మొదలుపెట్టి, వాటితో పాటు క్లినిక్‌లోనే లేజర్ చేస్తున్నారు. గడ్డం, మెడ, పొట్ట మీద ఉన్నట్టుండి గట్టి వెంట్రుకలు వస్తుంటే, నెలసరి తప్పుతుంటే, ఆ డబ్బు మెషిన్‌కు పెట్టే ముందు డాక్టర్ ఫీజుకు పెట్టండి. దయచేసి.

మా వదినకు ఇంకో అనుభవం. ఆవిడది నాకంటే బాగా నలుపు. నా మెషిన్ తీసుకుని కాలికి ఎక్కడ ఆనించినా లైటు ఆరిపోతోంది. "ఇది నాకు వెలగట్లేదేంటమ్మాయ్" అని ఆవిడ చిన్నబుచ్చుకుంటే నాకు చాలా బాధేసింది. నల్లటి చర్మానికి దారి లేక కాదు. 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉండే ఎన్‌డీ యాగ్ అనే రకం లేజర్ చర్మంలోని రంగును తక్కువగా పట్టుకుని లోతుకు వెళ్తుంది, అనుభవం ఉన్న డాక్టర్ చేతిలో అది క్షేమం. ఇంటి మెషిన్లలో మాత్రం అది ఉండదు. వదినలాంటి వాళ్లు సెన్సర్ లేని చవక మెషిన్ తెచ్చుకుని "నాకూ వెలిగింది" అనుకోవడం నాకు భయంగా ఉంటుంది. బొబ్బలెక్కి, మానినా నెలల తరబడి నల్లమచ్చలు ఉండిపోతాయి.

కొనేటప్పుడు నేను చూడమనేది కూడా ముందు ఆ సెన్సరే. తర్వాత మీ రంగు పట్టీలో ఉందా లేదా. ఫ్లాష్‌ల సంఖ్య గురించి కంపెనీలు పెద్ద అక్షరాలతో వేస్తాయి కానీ అది చూసి ఎక్కువ పెట్టనక్కర్లేదు. రెండు కాళ్లకు ఒకసారికి 500 ఫ్లాష్‌లు అనుకున్నా 3 లక్షల ఫ్లాష్‌లంటే 600 సార్లు, అంత అవసరం ఎవరికీ రాదు. చల్లబరిచే ఐస్ సదుపాయం చురుకు తగ్గిస్తుంది, వెంట్రుకల మీద దాని ప్రభావం ఏమీ లేదు. గాజు ముఖం పెద్దదైతే కాళ్లకు టైమ్ బాగా కలిసొస్తుంది. పుట్టుమచ్చలు, పచ్చబొట్టు మీద కొట్టకూడదు. కళ్ల దగ్గరికి, కనుబొమలకు అసలు తీసుకెళ్లకూడదు. మొటిమలకు డాక్సీసైక్లిన్, ఐసోట్రెటినాయిన్ లాంటివి వాడుతున్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టొద్దు.

పెళ్లికి నెల ముందు కొని, మంగళస్నానాల నాటికి నున్నగా అయిపోవాలనుకునే అమ్మాయిలు చాలామంది కనిపిస్తున్నారు. మాఘమాసంలో పెళ్లైతే వినాయక చవితికే మొదలుపెట్టండి. అక్కడి నుంచి ఎండ మెత్తబడుతూ వస్తుంది కాబట్టి చర్మానికీ అదే అనువు. అంత టైమ్ లేకపోతే పెళ్లికి పార్లర్‌లో వాక్సింగే చేయించుకోండి. ఆ వెంట్రుకలు తిరిగి పెరగడానికి నాలుగైదు వారాలు వదిలేసి, అప్పుడు షేవ్ చేసి ఈ మెషిన్ మొదలుపెట్టండి.