గిట్‌హబ్ యాక్షన్స్: శ్రీకాకుళంలో మా రెండేళ్ల వాడకం

పలాస జీడిపప్పు పరిశ్రమలకు లాట్ల లెక్కలు, కూలి పట్టీలు చూసే సాఫ్ట్‌వేర్‌ను శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌కు దగ్గరలో ఒక మేడ మీది గదుల్లో కూర్చుని మేము నలుగురం రాస్తాము. రెండేళ్ల క్రితం వరకు కొత్త వెర్షన్ బయటికి వెళ్లాలంటే ఆఫీసులోని ఒకే ఒక్క కంప్యూటర్‌లో, దాని కిటుకులు తెలిసిన ఒకే ఒక్క సహోద్యోగి బిల్డ్ చేయవలసి, అంటే రాసిన కోడ్‌ను నడిచే సాఫ్ట్‌వేర్‌గా మార్చవలసి, వచ్చేది. కరెంటు పోతే పని ఆగేది; ఆయన సిరిమాను పండుగకు విజయనగరం వెళ్లినా ఆగేది. అందుకే గిట్‌హబ్ యాక్షన్స్‌కు మారాము. కోడ్‌ను దాచుకునే గిట్‌హబ్ సైటులోనే బిల్డ్, టెస్టుల వంటి పనులను వాటంతట అవే నడిచేలా చేసే సేవ ఇది. ఈ సేవను తొలిసారి ప్రకటించినది 2018 అక్టోబరులో, అంటే తిత్లీ తుపాను పలాస ప్రాంతాన్ని చీకట్లో ముంచిన నెలలోనే. 2019 నవంబరులో అది అందరికీ అందుబాటులోకి వచ్చింది.

ఏ పని తర్వాత ఏ పని జరగాలో ఒక యామల్ ఫైలులో (సెట్టింగులు రాసే మామూలు టెక్స్ట్ ఫైలు) రాసి కోడ్ పక్కనే ఉంచితే, ఎవరు కోడ్ పుష్ చేసినా, అంటే తమ మార్పులను గిట్‌హబ్‌కు పంపినా, క్లౌడ్‌లో ఒక కొత్త యంత్రం మొదలై, బిల్డ్ చేసి, టెస్టులన్నీ నడిపి, పని ముగియగానే తొలగిపోతుంది. ఆ యంత్రాన్ని రన్నర్ అంటారు. అది ప్రతిసారీ ఖాళీగా మొదలుకావడమే నా దృష్టిలో ఈ సేవలోని అసలు విలువ. మొదటి వారమంతా మా బిల్డ్‌లు విఫలమయ్యాయి. వెతికితే, ఎప్పుడో ఎవరో పాత కంప్యూటర్‌లో చేత్తో పెట్టిన ఒక ఫైలు లేకుండా మా సాఫ్ట్‌వేర్ తయారే కాదని తేలింది. 80 కిలోల బస్తాల లెక్కను కిలోల్లోకి మార్చి గ్రేడుల వారీగా కూడినప్పుడు గ్రాములు రాలిపోతున్న తప్పును కూడా, అది పలాసకు చేరకముందే, ఒక టెస్టు పట్టుకుంది.

ఇక నిమిషాల లెక్క. పబ్లిక్ కోడ్‌కు మామూలు రన్నర్లు ఉచితం. ప్రైవేటు కోడ్‌కు ఉచిత ప్లాన్‌లో నెలకు 2,000 నిమిషాలు ఇస్తారు. వినడానికి ఇది ఎక్కువే. అయితే ప్రతి జాబ్‌ను, అంటే ఒక రన్నర్ మీద నడిచే పనుల కట్టను, విడిగా పై నిమిషానికి సవరించి లెక్కిస్తారు కాబట్టి, 70 సెకన్ల జాబ్‌కు రెండు నిమిషాలు ఖర్చవుతాయి. మేము పనిని మూడు జాబ్‌లుగా విడగొట్టి, చాలా పద్ధతిగా చేశామని సంబరపడ్డాము. పుష్‌కు ఆరు నిమిషాలు, రోజుకు పదిహేను పుష్‌లు, ఇరవై అయిదు పనిదినాలు అనుకుంటే 2,250 నిమిషాలు! మూడింటినీ ఒకే జాబ్‌లో కలిపి, లైబ్రరీలను (ఇతరులు రాసిన సిద్ధంగా ఉన్న కోడ్) ప్రతిసారీ దించుకోకుండా క్యాష్‌లో దాచి ఉంచిన తరువాత పుష్‌కు మూడు నిమిషాలే పడుతోంది. పద్ధతి కన్నా పొదుపు మాకు ముఖ్యం.

షెడ్యూలు విషయంలో మాత్రం తప్పు పూర్తిగా మాది. రాత్రి రెండు గంటలకు పెద్ద టెస్టులు నడవాలని రాసుకున్నాము. ఆ సమయం మనకన్నా అయిదున్నర గంటలు వెనుక ఉండే అంతర్జాతీయ ప్రామాణిక సమయం, యూటీసీదని గమనించనందువల్ల అవి ఉదయం ఏడున్నరకు, సరిగ్గా పరిశ్రమల్లో తూకాలు మొదలయ్యే వేళకు, టెస్టు సర్వర్ మీద పడ్డాయి. ఇప్పుడు 20:30 అని రాస్తున్నాము. గంట కొట్టే సమయాల్లో రద్దీ వల్ల షెడ్యూలు పనులు ఆలస్యం కావచ్చని సూచనల పత్రాల్లోనే ఉంది. నిమిషం తప్పకూడని పనిని దీనికి అప్పగించకూడదు.

ఇతరులు రాసిపెట్టిన యాక్షన్లను, అంటే సిద్ధంగా ఉన్న పని ముక్కలను, ఫైలులో ఒక్క వరుస రాసి వాడుకోగలగడం ఎంత సుఖమో అంత ప్రమాదం. 2025 మార్చిలో టీజే-యాక్షన్స్ వారి ఒక యాక్షన్‌లోకి దుండగులు చొరబడి, వెర్షన్ ట్యాగులను (ఒక వెర్షన్‌కు పెట్టిన పేర్లు) తమ కోడ్ వైపు మళ్లించగా, దాన్ని వాడిన ప్రాజెక్టుల రహస్యాలు (పాస్‌వర్డులు, తాళాల వంటివి) పని నడిచిన వివరాలు నమోదయ్యే లాగ్‌లలో అచ్చయ్యాయి. మేము దాన్ని వాడలేదు, అది మా తెలివి కాదు, అదృష్టం. అప్పటి నుంచి ట్యాగు పేరుకు బదులు, కోడ్‌లోని ఒక్కో మార్పుకు ఉండే మారని గుర్తు అయిన పూర్తి కమిట్ సంఖ్యనే రాస్తున్నాము. సర్వర్ తాళాలను శాశ్వతంగా దాచే బదులు ఓఐడీసీ అనే గుర్తింపు పద్ధతి ద్వారా ఆ పూటకు పనికొచ్చే అనుమతి మాత్రమే తీసుకుంటున్నాము.

డిప్లాయ్‌ను, అంటే కొత్త వెర్షన్‌ను సర్వర్‌లో పెట్టే పనిని, మాత్రం పూర్తిగా యంత్రానికి వదలలేదు. టెస్టులు నెగ్గాక మాలో ఒకరు బటన్ నొక్కితేనే కొత్త వెర్షన్ ముంబై సర్వర్‌కు వెళుతుంది, నెలాఖరు కూలి లెక్కలు నడిచే రోజుల్లో ఆ బటన్‌ను ఎవరమూ ముట్టుకోము. కొత్తగా మొదలుపెట్టేవారు ఖర్చు పరిమితిని సున్నాగా ఉంచుకుని, ఒక నెల వాడకాన్ని చూసుకున్న తరువాతే కార్డు వివరాలు ఇవ్వడం మంచిది.