చిటికెన వేలికి న్యాయం చేసిన కీబోర్డు: చాలా ఏళ్ల వాడకం తర్వాత

ఐబీఎం మోడల్ ఎం కీబోర్డు 1985లో వచ్చింది. మిగతా చరిత్ర, మీటల లెక్కలు ఇలాంటి సమీక్షలు చదివేవారికి కొత్త కావు కాబట్టి వదిలేస్తున్నాను. దాని మీద నాకున్న ప్రేమకు కారణం ఒక్కటే, నా ఎడమ చిటికెన వేలు.

స్కూల్లో టైపు నేర్చుకున్నది మిషను మీద. ఎడమ చిటికెన వేలితో ఎ మొదలుపెట్టి చూపుడు వేలితో ఎఫ్ దాకా ‘ఎ ఎస్ డి ఎఫ్’ అని వరుసగా కొట్టుకుంటూ పోతే కాగితం మీద ఎఫ్ నల్లగా, ఎ వెలిసిపోయినట్టుగా పడేది. అక్షరం ఎంత ముదురుగా పడాలన్నది వేలి బలం మీదే ఆధారపడే యంత్రం అది. మాస్టారు మీటల మీద అట్టపెట్టె బోర్లించి, చేతులు లోపల పెట్టి కొట్టమనేవారు. 1888లో అమెరికాలోని సిన్సినాటీలో జరిగిన టైపు పోటీలో ఫ్రాంక్ మెక్‌గరిన్ మీటల వైపు చూడకుండానే కొట్టి గెలిచాడని చెప్పి మరీ కొట్టించేవారు. తప్పులను ఆయన పెద్దగా పట్టించుకునేవారు కాదు. కాగితాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి, పాలిపోయిన ‘ఎ’లను ఒక్కొక్కటిగా చూపించేవారు.

తర్వాత కంప్యూటర్ గదిలో ఈ కీబోర్డు మీద చేతులు పెట్టాం. చిటికెన వేలు కొట్టిన ఎ కూడా ఎఫ్ ఎంత ముదురుగా ఉందో అంత ముదురుగా తెర మీద వెలిగింది. తక్కినవాళ్లు లోగో అనే ప్రోగ్రాములో తెర మీద బొమ్మలు గీసే తాబేలు చుట్టూ మూగితే, నేను ఎ మీటనే కొడుతూ కూర్చున్నాను.

మిషను అలవాట్లు మాత్రం అంత త్వరగా వదల్లేదు. చాలా మిషన్లకు 1 అంకె మీటే ఉండదు, చిన్న ఎల్‌తో సరిపెట్టుకోవాలి. అప్పట్లో నేర్పే బేసిక్ అనే కంప్యూటర్ భాషలో ప్రతి వరుసా ఒక అంకెతో మొదలవ్వాలి. టైపు క్లాసు నుంచి వచ్చిన పిల్లలు 10వ వరుసను ఎల్‌తో మొదలుపెట్టేవారు. కంటికి పెద్ద తేడా కనిపించేది కాదు, యంత్రం మాత్రం సింటాక్స్ ఎర్రర్, అంటే రాత తప్పు, అని మొండికేసేది.

ఇక వాడకం సంగతి. మీట కింద ఉన్న స్ప్రింగు ఒత్తిడికి ఒక చోట చటుక్కున పక్కకు వంగుతుంది. టక్కుమన్న చప్పుడూ, అక్షరం పడటమూ ఒకేసారి జరుగుతాయి. అంటే పని అయిపోయిందని వేలికి అక్కడికక్కడే తెలుస్తుంది. మామూలు రబ్బరు కీబోర్డుల మీద ఆ నమ్మకం లేక మీటను అడుగుదాకా పొడుస్తూనే ఉంటాం. తెలుగును ఇన్‌స్క్రిప్ట్ అనే మీటల అమరికలో కొడతాను, అందులో పొల్లు డి మీట మీద ఉంటుంది కాబట్టి దానికి క్షణం తీరిక ఉండదు. అయినా దాని మీద అక్షరం ఇప్పటికీ చెక్కు చెదరలేదు.

నన్ను ఏడిపించింది కీబోర్డు కాదు, దాన్ని కొత్త కంప్యూటర్‌కు కలిపే కన్వర్టర్. మొదట కొన్న చవక ముక్కను తగిలిస్తే కీబోర్డు మీది దీపాలు కూడా వెలగలేదు. ముసలిది పోయిందనుకుని విప్పబోతే మామూలు స్క్రూడ్రైవర్ పనికిరాలేదు. లోతుగా దిగిన ఆ మరలకు 5.5 మిల్లీమీటర్ల సన్నని గొట్టం స్పానర్ కావాలి. అది సంపాదించి, విప్పి, తుడిచి, మళ్లీ బిగించినా ఫలితం లేదు. చివరికి మిత్రుడి దగ్గరున్న పాత కంప్యూటర్‌కు తగిలిస్తే మొదటి దెబ్బకే టకటకమంది. ఆ చవక ముక్క తీగలను తీగలకు కలుపుతుందంతే. ఈ కీబోర్డుకేమో కొత్త కంప్యూటర్లు మాట్లాడే యూఎస్‌బీ భాషే తెలియదు, మధ్యలో తర్జుమా చేసే చిప్ ఉండాలి. చిప్ ఉన్నది కొన్నాక కొత్త తంటా మొదలైంది. కొన్ని అక్షరాలు రెండేసి పడేవి, కొన్ని అసలు పడేవి కావు. ఇలాంటి పాత బోర్డులు కరెంటు ఎక్కువ లాగుతాయి, అన్ని కన్వర్టర్లూ దానికి తట్టుకోలేవు. ఇంకొకటి మార్చాక గానీ నాకు శాంతి దొరకలేదు.

చిటికెన వేలికి న్యాయం చేసిందన్నానుగా, అందులో కొంత తగ్గించుకోవాలి. అక్షరం సమానంగా పడుతుంది గానీ మీటను నొక్కడానికి సుమారు 70 గ్రాముల బలం కావాలి, అది ఏ వేలికైనా ఒకటే. ఖ, ఘ లాంటి ఒత్తు అక్షరాలకు షిఫ్ట్ పట్టుకునే చిటికెన వేలు సాయంత్రానికి గుంజుతుంది. ఈ మధ్య పొడుగాటి పని ఉన్న రోజున సగం ల్యాప్‌టాప్ మీదే కానిస్తున్నాను. చప్పుడు సంగతి ఇంట్లోవాళ్లను అడిగితే ఈ సమీక్ష ఇంకోలా ఉండేది.

టైపు మిషను మీద చేతులు తిరిగినవారికి, విడి గది ఉన్నవారికి నిస్సంకోచంగా కొనమంటాను. బొటనవేళ్లతో ఫోను మీదే రాయడం నేర్చుకున్నవారికి ఇది అనవసరమైన బరువు అనిపించవచ్చు. నిజంగానే బరువు, దాదాపు రెండు కిలోలు ఉంటుంది. కొనేటట్టయితే ముందు కన్వర్టర్ సంగతి తేల్చుకోండి. అమ్మేవారిని మీ ఎదుటే ప్రతి మీటా కొట్టి చూపించమనండి, ఎ నుంచి మొదలుపెట్టి.